లేవమనే మాట

"ఒక్క మాట, అమ్మా. నిన్నేమీ ఉపన్యాసం ఇమ్మనట్లేదు. 'లేవండి' అను చాలు. వాళ్ళంతట వాళ్ళే చెప్పులేసుకుని పోతారు."

గొంతు తగ్గించే అన్నాననుకున్నాడు కొడుకు. కానీ ఆ ముందుగది ఎంతని? గోడవారగా కూర్చున్న ఏడుగురికీ ఆ మాట శుభ్రంగా వినబడింది. విననట్టు మొహాలు పెట్టడంలో అందరూ ఆరితేరినవాళ్ళే కాబట్టి ఎవరూ కదల్లేదు.

తల్లి కుట్టుమిషను ఆపలేదు. బడిపిల్లల చొక్కాల కాలర్లు ఒక కుప్ప మిగిలాయి. ఆమె తొక్కుతున్న కాలికీ, కింద కూర్చున్న నర్సు మోకాలికీ మధ్య జానెడు చోటు లేదు. నిన్న మధ్యాహ్నం నుంచీ ఆ ఇద్దరూ ఒకరికొకరు తగలకుండా సర్దుకుంటూనే ఉన్నారు.

"నీకే చెప్తున్నా."

"వినబడుతోందిరా."

"వింటే సరిపోతుందా? వీధి చివర కారు ఆగి ఉంది. సెక్రటరీ నిమిషానికోసారి ఫోన్ చేసి నా ప్రాణం తోడేస్తున్నాడు. సాయంత్రం నాన్న ప్రమాణం చేయాలి. మంత్రి కాబోయే మనిషి సొంత ఇంట్లో తలుపేసుకుని కూర్చోవాల్సి వచ్చింది. ఊళ్ళో ఎవరికైనా చెబితే నవ్వుతారు."

"ఊళ్ళో అందరికీ తెలుసులే. కిటికీ దగ్గర చూడు."

కిటికీ చువ్వలకు అవతల ఇరుగుపొరుగుల మొహాలు, వాటి వెనక ఎవరో పత్రికవాడి కెమెరా. కొడుకు వెళ్ళి రెక్క ధడాలున వేశాడు. తీరా వేశాక గదిలో ఉక్కపోసింది. సైకిలు షాపు తాత చొక్కా గుండీ విప్పుకుని, పాపం, ఏమీ అనకుండా విసురుకున్నాడు. వదిన లేచి వెళ్ళి ఆ రెక్క మళ్ళీ తీసింది.

ఊరంతా ఆమె భర్తను అన్న అంటుంది కాబట్టి ఆమె ఊరందరికీ వదిన. కన్నతల్లి వయసున్నవాళ్ళు కూడా వదినా అనే పిలుస్తారు. మొదట్లో సిగ్గేసేది. ఇప్పుడు ఎవరైనా వేరేగా పిలిస్తే తనను కాదనుకుంటుంది.

అన్న ఒకప్పుడు కుళాయిలు బిగించే మేస్త్రీ. ఊరి కింది వీధులన్నిటికీ ఆయనే పైపులు వేశాడు. పై వీధులకు మాత్రం ఎవరూ వేయలేదు. అక్కడ అంతా ఏటవాలు, రాతినేల. అక్కడివాళ్ళు ట్యాంకరు వచ్చేదాకా కాచుక్కూర్చుని, డబ్బాలతో నీళ్ళు మోసుకుంటూ బతికారు. అర్జీలు పెట్టారు, ఊరేగింపులు తీశారు, లాఠీ దెబ్బలు తిన్నారు. ఏదీ పనిచేయలేదు. అప్పుడు మొదలైంది కూర్చోవడం.

దానికి ఇంకో పేరు లేదు. ఎవడి వల్ల నీళ్ళు ఆగాయో వాడింటికి వెళ్ళడం, తలుపు తీసి ఉంటే లోపలికి వెళ్ళి నేల మీద కూర్చోవడం. అరవరు, దేన్నీ ముట్టుకోరు, తాగే నీళ్ళు కూడా వాళ్ళే తెచ్చుకుంటారు. ఇంటివాళ్ళు పలకరిస్తే తప్ప పెదవి విప్పరు. ఇంటాయన జవాబు చెప్పేదాకా తమంతట తాము లేవరు. ట్యాంకర్ల కాంట్రాక్టరు మొదట నవ్వాడు, తర్వాత తిట్టాడు, చివరికి భోజనాల బల్ల దగ్గర తల పట్టుకున్నాడు. అన్నం తింటుంటే ఏడుగురు చూస్తూ ఉంటే ఎంత గట్టివాడికైనా ముద్ద దిగదు.

వాళ్ళను లేపే దారి మరొకటి కూడా ఉంది. ఆ ఇంటి ఆడది లేవమంటే లేవాలి. ఎవరికి చెబితే వాళ్ళు మారుమాట లేకుండా లేచిపోవాలి. ఆ పైన వాళ్ళు ఆ ఇంట్లో మళ్ళీ ఎన్నడూ కూర్చోకూడదు.

అలాంటి జనం ఇప్పుడు అన్న ఇంట్లోనే కూర్చున్నారు. ముందు వరసలో, కండక్టరు దుస్తుల్లో, టికెట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని, అన్న సొంత చెల్లెలు.

*

"పంపించేశావా?" అన్నాడు అన్న, వదిన లోపలి గది తలుపు తీయగానే.

"ఎవర్ని?"

"ఎవర్నేంటి? వాళ్ళని."

"నా తరఫు చుట్టాలా పంపించడానికి? నీ జనం, నీ చెల్లెలు."

ఆయన కాలు కాలిన పిల్లిలా మంచం చుట్టూ తిరుగుతున్నాడు. మంచం మీద కొత్త కోటు మడత నలగకుండా పరిచి ఉంది. పోయిన వారం ఆమే కుట్టింది దాన్ని. కుడుతున్నంతసేపూ సంతోషంతో కూనిరాగం తీసిందంటే ఎవరూ నమ్మరు. ఆ సంతోషం నిజమే. దాని కింద కుట్టు విప్పి చూస్తే ఒక భయం ఉందని అప్పటికి ఆమెకు తెలియదు.

"చూడు," అన్నాడాయన, మంచం అంచున కూర్చుని దుప్పటిని కొండలా పైకి లాగుతూ. "ఇదీ ఏటవాలు. ఇక్కడ పంపు, ఇక్కడ మధ్య ట్యాంకు, ఇక్కడ ఇంకోటి. నీళ్ళు ఒక్కసారిగా ఎక్కలేవు, అంచెలంచెలుగా ఎక్కిస్తే ఎక్కుతాయి. ఎన్నేళ్ళ నుంచి చెప్తున్నాను? పిచ్చోడన్నారు. ఇప్పుడు ఆ ప్రభుత్వమే పిలిచి, నువ్వే మంత్రివై వేయించుకోమంటోంది. వద్దననా?"

దుప్పటి ముడతల్లో ఆయన వేలు పాకుతుంటే వదిన కళ్ళు దాని వెంటే వెళ్ళాయి. అందరికీ రాళ్ళు కనిపించిన చోట ఈ మనిషికి నీళ్ళు కనబడ్డాయి. అందుకే ఈయన వెంట వచ్చింది. ఇప్పటికీ ఆ వేలు అలా పాకుతుంటే ఆమె ప్రాణం లేచి వస్తుంది. ఏం చేస్తుంది, ప్రేమ అలాంటిది.

ఆమె పుట్టింది పై వీధుల్లోనే. చిన్నప్పటి నుంచీ నీళ్ళ డబ్బా మోసీ మోసీ కుడిభుజం ఎడమదాని కంటే కిందకు దిగిపోయింది. తన బట్టలు తాను కుట్టుకునేటప్పుడు ఒక భుజం కింద రెండు పొరల గుడ్డ ఎక్కువ వేసుకుంటుంది. ఆ పైపు ఆయనకు ఎంత కావాలో ఆమెకు అంతకంటే ఎక్కువే కావాలి.

"పైపు వద్దని ఎవరన్నారు?" అంది. "ప్రభుత్వం పెట్టిన షరతు సంగతి చెప్పు."

అన్న వేలు ఆగింది.

"మొదటి రోజే ప్రకటించాలట. ఇకమీదట ఎవరింట్లోనూ, ఎవరూ కూర్చోరని." ఆయన గొంతు సవరించుకున్నాడు. "అయితే ఏమైంది? పైపు కోసమే కదే కూర్చున్నాం? పైపే వస్తుంటే ఇంకా దేనికి కూర్చోవడం? ఎముక అతుక్కున్నాక కూడా కట్టు విప్పనంటే ఎలా?"

"ఎముక ఇంకా అతుక్కోలేదు, మేస్త్రీ. డాక్టరు వస్తానన్నాడు, అంతే."

"నీతో మాట్లాడ్డం నాదే తప్పు."

"తప్పయితే మానెయ్."

ముందుగదిలో ఎవరో దగ్గారు. వీధిలో కారు హారను ఒకసారి మోగింది.

మళ్ళీ ఆయనే అందుకున్నాడు. ఈసారి గొంతులో బతిమాలుడు ఉంది. "సెక్రటరీ ఏమన్నాడో తెలుసా? సొంత ఇంట్లోవాళ్ళనే లేపలేనివాడు ఊళ్ళోవాళ్ళని ఏం ఆపుతాడని పైన అనుకుంటున్నారట. ఇల్లు ఖాళీ అయ్యాకే కారు దగ్గరికి రమ్మన్నాడు. నువ్వు లేవమంటే మన పద్ధతి ప్రకారమే లేస్తారు. ఎవరికీ అవమానం ఉండదు. పోలీసుల్ని పిలుద్దామంటే నేనే వద్దన్నాను."

"నేను లేవమన్నాక ఏమవుతుందో తెలుసుగా?"

"లేస్తారు."

"లేచాక?"

ఆయన కిటికీ వైపు చూశాడు.

"ఈ ఇంట్లో మళ్ళీ కూర్చోరు," అంది వదిన. "నువ్వు మంత్రివి. రేపు ఏదైనా అటూ ఇటూ అయితే ఊళ్ళో ఎక్కడ కూర్చున్నా కూర్చోకపోయినా నీ ఇంట్లో కూర్చోవాలి. ఆ ఒక్క ఇల్లూ నేనే నా నోటితో మూసెయ్యాలా?"

"నా ఇంట్లో కూర్చోవాల్సిన అవసరం ఎందుకొస్తుంది? నేను మారిపోతాననుకుంటున్నావా?"

"నువ్వు మంచోడివే."

"మరి?"

"ఆ నీళ్ళ ఆఫీసు పాత ఇంజనీరూ మంచోడే. కాకపోతే మనం కూర్చున్నాక మంచోడయ్యాడు."

"నన్నూ ఆ ఇంజనీరునీ ఒకే గాటన కడతావా!"

ఆ అరుపుకు ముందుగదిలో దగ్గు కూడా ఆగిపోయింది. అన్న నాలుక కరుచుకున్నాడు. ఇంటివాళ్ళ గొడవలు కూర్చున్నవాళ్ళు వినకూడదనేది కూడా పాత పద్ధతే. ఇలాంటప్పుడు చెవులు మూసుకుంటారు, అంటే మూసుకున్నట్టు నేల చూస్తారు.

"ఆ నియమం పెట్టిందే నేను," అన్నాడు మెల్లగా. "ఇంటి ఆడది లేవమంటే లేవాలని. మన గొడవ ఇంటాయనతో, ఇల్లు ఆవిడది అని. నేను పెట్టిందాన్ని నా ఇంట్లో వాడుకునే హక్కు నాకు లేదా?"

ఆ నియమం ఎలా పుట్టిందో వదినకు తెలుసు. కాంట్రాక్టరు ఇంట్లో కూర్చున్నప్పుడు, అతని భార్య పసిబిడ్డను ఎత్తుకుని వచ్చి, కాస్త లేవండమ్మా, బిడ్డ జడుసుకుంటున్నాడని ఏడ్చింది. కూర్చున్న ఆడవాళ్ళందరూ లేచి వచ్చేశారు. మర్నాడు ఎంత పిలిచినా ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళలేదు. అన్నకు ఒళ్ళు మండిపోయింది, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు సభలో నిలబడి, అది మొదటి నుంచీ తన మనసులో ఉన్న ధర్మమన్నట్టు చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. తాము చేసిన పని ఇంత గొప్పదా అని వాళ్ళే ఆశ్చర్యపోయారు. ఆ తర్వాత ఎవరూ దాన్ని తప్పలేదు.

ఆయన గొప్పతనం అదే. గుడ్డ వాళ్ళది, కత్తిరింపు ఆయనది. కత్తిరించాక అది చొక్కా అయి కూర్చుంటుంది, ఆయనకూ వాళ్ళకూ ఇద్దరికీ పట్టాల్సిందే. అన్నకు ఇప్పుడు చంకల్లో బిగుస్తోంది.

"కోటు తొడుక్కుని చూశావా?" అంది ఆమె.

"సరిపోయింది."

"సరే మరి," అని బయటకు వచ్చేసింది.

*

ముందుగదిలోకి వస్తూనే కొడుకు ఎదురొచ్చాడు.

"ఏమంది నాన్న కోర్టు?"

"ఎగతాళా?"

"ఏడవలేక." వాడి కళ్ళు నిజంగానే ఎర్రగా ఉన్నాయి. "అమ్మా, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ ఇల్లు మనది కాదు. ఎప్పుడు చూసినా మీటింగులే. నా పరీక్షలప్పుడు నాన్న జైల్లో, నా పెళ్ళి మాటలప్పుడు నువ్వు మేయరు ఇంట్లో నేల మీద. ఏమన్నా అన్నానా? ఇన్నాళ్ళకి ఆ మనిషికి కాస్త గౌరవం దక్కుతుంటే, అది కూడా వీళ్ళే లాక్కోవాలా?"

"గౌరవం వీళ్ళే ఇచ్చార్రా."

"ఇచ్చింది మళ్ళీ లాక్కుంటే దాన్నేమంటారు?"

వాడు చెప్పిందాంట్లో అబద్ధం ఏమీ లేదు. ఆమె మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించబోయింది. దారం ఎక్కలేదు. చివర తడి చేసి మళ్ళీ పెట్టింది.

"ఇలా ఇవ్వు వదినా," అనబోయి ఆడపడుచు ఆగిపోయింది. తనంతట తాను మాట్లాడకూడదు.

వదినకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. "మాట్లాడవమ్మా కండక్టరమ్మా. పలకరించాను. ఇక నోరు తెరు."

"ఏం మాట్లాడమంటావ్?"

"మీ అన్న పైపు తెస్తాడా తేడా?"

"తెస్తాడు," అంది ఆడపడుచు తడుముకోకుండా. "మా అన్నయ్య అన్నాడంటే తెస్తాడు. అందులో నాకు అనుమానం లేదు."

"మరి ఎందుకే ఈ తిప్పలు? లేచి పోవచ్చుగా? సాయంత్రం ఆ ప్రమాణమేదో అయిపోతే రేపట్నుంచి పై వీధుల్లో గొయ్యి తవ్వడం మొదలెడతారు. మా అమ్మ నడుం చూడు, నా భుజం చూడు. ఇంకా ఎంతమంది మోయాలి?"

"గొయ్యి తవ్వుతారు, పైపు వేస్తారు, అందరం చప్పట్లు కొడతాం. నేనే ముందు కొడతాను." ఆమె టికెట్ల సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటోంది. "ఆ తర్వాత ఏ ఎండాకాలంలోనో కింది వీధులవాళ్ళు మాకు చాలట్లేదంటారు. పైన కుళాయి ఆగిపోతుంది. అప్పుడు ఎవరింటికెళ్ళాలి వదినా? కూర్చోవడమే నేరమని చట్టం ఉంటే? అదీ మా అన్నయ్య సంతకంతో ఉంటే?"

"అలాంటిది రానీయడు ఆయన."

"నా బస్సులో రోజూ చూస్తున్నాగా. ఒకడు ఎక్కేదాకా, కాస్త జరగండి బాబూ అంటాడు. ఎక్కి కూర్చున్నాక, ఇక ఎక్కించుకోవద్దమ్మా, చోటు లేదంటాడు. ఇద్దరూ ఒకే మనిషి. చెడ్డోడేం కాదు."

నర్సు కిసుక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సైకిలు షాపు తాత ఆమెను గుడ్లురిమి చూశాడు.

"మీ అన్నను పట్టుకుని ఆ మాట అంటావా?" అంది వదిన. "ఆయన జైల్లో ఉంటే క్యారేజీ మోసింది నువ్వు. లాఠీ పడితే అడ్డం పడింది నువ్వు."

"అందుకే కూర్చున్నాను. వేరేవాళ్ళు కూర్చుంటే కోపంతో కూర్చుంటారని, నేనే ముందొచ్చాను." ఆడపడుచు తల వంచుకుంది. "నువ్వు లేవమను వదినా, లేచిపోతాం. ఒట్టు, ఒక్కరం ఎదురు చెప్పం. నీ మీద కోపం కూడా పెట్టుకోం. నీకు ఆ హక్కుంది."

హక్కు! ఆ మాట విని వదినకు ఒళ్ళు మండింది. అందరూ తలా ఒక హక్కు తెచ్చి ఆమె నెత్తిన పెట్టేవాళ్ళే. అటు మొగుడు, ఇటు కొడుకు, ఈవిడ మరీనూ. ఆమెను ఏం కావాలని అడిగినవాళ్ళు లేరు. ఆమెకు పైపూ కావాలి, ఈ ఏడుగురూ కావాలి. ఆ రెండూ ఒకే సంచీలో పట్టవని అందరూ కలిసి తేల్చేశారు.

హారను మళ్ళీ మోగింది. ఈసారి ఆగకుండా మోగింది.

*

లోపలి గది తలుపు తెరుచుకుంది.

కొత్త కోటు తొడుక్కుని వచ్చాడు అన్న. కోటు నిజంగానే బాగా కుదిరింది. ఆయన్ను అలా చూసి సైకిలు షాపు తాత లేవబోయి, కూర్చున్నానని గుర్తొచ్చి సర్దుకున్నాడు.

గట్టిగా నాలుగు మాటలు అనేద్దామనే వచ్చాడాయన, మొహం చూస్తేనే తెలుస్తోంది. వాకిలి దగ్గర కొడుకు ఫోను చెవిన పెట్టుకుని, వచ్చేస్తున్నారు సార్, వచ్చేస్తున్నారు అంటున్నాడు. అన్న ఏడుగురి వైపూ చూశాడు. నోరు తెరిచాడు.

ఆయనకు ఒక అలవాటు ఉంది. కింద కూర్చున్నవాళ్ళతో నిలబడి మాట్లాడడు. మాట్లాడలేడు, నోరు రాదు. ఇన్నేళ్ళుగా ఎంత పెద్ద సభ అయినా, ఎంత చిన్న గది అయినా, ముందు మోకాళ్ళు మడిచి వాళ్ళ మధ్య కూలబడి, అరచేత్తో నేలను ఒకసారి తుడిచి, అప్పుడు మొదలెడతాడు.

ఇప్పుడూ అదే చేశాడు. కోటు అంచు వెనక్కి నెట్టుకుని, చెల్లెలి పక్కనున్న ఖాళీలో కూర్చుని, నేలను తుడిచి, "వినండర్రా," అన్నాడు.

ఎవరూ వినలేదు. అందరూ చూస్తున్నారు.

"అన్నయ్యా," అంది ఆడపడుచు. "నువ్వు కూర్చున్నావు."

ఒక్క క్షణం ఆయనకు అర్థం కాలేదు. ఆ తర్వాత తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు, ఎవరివో అన్నట్టు. కిటికీలో కెమెరా టక్కుమంది.

నర్సు ఈసారి ఆపుకోలేకపోయింది. ఆమె నవ్వుకు తాత కూడా నవ్వాడు. నవ్వు గదంతా తిరిగి వచ్చేసరికి అన్న పెదవి కూడా కాస్త కదిలింది. పాత రోజుల్లో కాంట్రాక్టరు హాలులో ఇలాగే ఒకసారి అందరికీ నవ్వు తెరలు తెరలుగా వచ్చి ఇబ్బంది పడ్డారు. ఆ కాస్తసేపూ ఆ గదిలో మంత్రీ లేడు, షరతులూ లేవు.

కొడుకు ఒక్కడే నవ్వలేదు. "ఏంటి నాన్నా ఈ పిచ్చి? లే. ఎవడికోసం? లేచి రా, కారు వెళ్ళిపోతుంది."

అన్న ఒక చెయ్యి నేలకు ఆనించాడు. లేవబోయాడు. అందరి మొహాలూ ఆయనకు ఎదురుగా, మరీ దగ్గరగా ఉన్నాయి. కూర్చున్నవాడు జవాబు రాకుండా తనంతట తాను లేస్తే ఏమంటారో ఆయనకు తెలుసు. అలా లేచిన ఒకతన్ని ఆయనే మళ్ళీ ఏ సభకూ పిలవలేదు. ప్రభుత్వం తనను పిలిచింది తన కోటు చూసి కాదు, ఈ జనం తన మాట మీద నిలబడతారని. అలాంటప్పుడు వీళ్ళ ముందు లేచి నడిచి వెళ్ళిన మనిషి అక్కడికి ఏం పట్టుకెళ్తాడు?

చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి తెచ్చుకున్నాడు.

"నువ్వు చెప్పు," అన్నాడు, భార్య వైపు తిరిగి. "ఇక నీ వల్లే అవుతుంది. అందర్నీ లేవమను. నాతో సహా."

గదిలో నిలబడి ఉన్నది తల్లీ కొడుకులిద్దరే. వదిన మిషను చక్రం మీద చెయ్యి వేసి నిలబడింది. ఆమె నోటి మాట కోసం ఊరు ఊరంతా కిటికీలోంచి తొంగి చూస్తోంది.

లేవమంటే సాయంత్రానికి ఆయన మంత్రి. దుప్పటి మీద పాకిన వేలు రేపు నిజంగా కొండ మీద పాకుతుంది. కానీ ఈ గదిలోకి ఇక ఎవరూ రారు, తర్వాత చట్టం వచ్చి ఏ గదిలోకీ ఎవర్నీ రానివ్వదు. లేవమనకపోతే ఆయన ఇక్కడే ఉంటాడు, ఆ కుర్చీలోకి ట్యాంకర్ల కాంట్రాక్టరు బావమరిది వస్తాడు. పై వీధుల్లో ఆడపిల్లల భుజాలు ఇంకో తరం కిందకు దిగుతాయి.

ఆమె రెండడుగులు వేసి భర్త భుజం మీద చెయ్యి వేసింది. కోటు గుడ్డ చేతికి గరగరలాడింది.

"మేస్త్రీ," అంది. "నువ్వు లే."

"అందరికీ చెప్పు."

"అందరికీ కాదు. నీ ఒక్కడికే చెప్తున్నాను. నువ్వు లే. వెళ్ళు. వెళ్ళి ఆ పైపు వేయించు."

ముందుగా అర్థమైంది ఆడపడుచుకే. "వదినా!" అని నోరు నొక్కుకుంది. మిగతావాళ్ళకు ఒక్కొక్కరికే తెలిసివచ్చి, ఒక్కొక్కరే తల దించుకున్నారు.

అన్న మొహంలో రంగు లేదు. "నన్నొక్కణ్ణే లేపుతున్నావా?"

"ఇంటిదాన్ని. లేపొచ్చు."

"అంటే నేను మళ్ళీ..."

"ఊఁ. ఈ ఇంట్లో మళ్ళీ వీళ్ళతో కూర్చోవు. వాళ్ళు కూర్చుంటారు. నీ కోసమే కూర్చుంటారు, నీ ఎదురుగా." ఆమెకు ఏడుపు వచ్చేసింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. "నువ్వు లోపలికెళ్తే తప్ప పైపు రాదు. వీళ్ళు బయటుంటే తప్ప అందులో నీళ్ళుండవు. నాకు రెండూ కావాలి. నా తెలివికి ఇంతకంటే తట్టలేదు."

"నన్ను వాళ్ళలోంచి తీసేశావు."

"తీసేశాను," అంది. "నువ్వు వెళ్తానన్నది అక్కడికే కదా?"

నియమం నియమమే. చేతులు ఆనించి లేవబోతే మోకాళ్ళు పట్టేశాయి. ఎప్పటిలాగే నర్సు చెయ్యి అందించింది. ఆయన పట్టుకుని లేచాడు. లేచాక ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

కింద కూర్చున్నవాళ్ళ మధ్య నిలబడటం అన్నకు కొత్త. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు జేబుల్లో పెట్టి, మళ్ళీ తీశాడు. చెల్లెలు ఆయన వైపు చూడలేదు. ఆమె కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు టికెట్ల సంచీ మీద పడుతున్నాయి.

ఆయన వాకిలి దాకా వెళ్ళి వెనక్కి తిరిగేసరికి, తాను లేచిన చోట భార్య కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఆడపడుచు చేతిలో ఉంది.

"అమ్మా!" అన్నాడు కొడుకు. ఆమె వాడి వైపు చూసింది గానీ లేవలేదు.

ఫోను మళ్ళీ మోగింది. వాడు తీసి, విని, మొహం మాడ్చుకుని తండ్రికి అందించాడు. "సెక్రటరీ. నన్ను చెప్పొద్దంటున్నాడు. ఇల్లు ఖాళీ అయిందో లేదో నీ నోటే వినాలట. పక్కన ప్రభుత్వ పెద్దాయన కూడా ఉన్నాడట. ఆలోచించుకుని మాట్లాడు నాన్నా."

అన్న ఫోను చెవిన పెట్టుకున్నాడు. అవును అంటే చాలు. ఇక్కడికొచ్చి ఎవడూ తలుపు తీసి చూడడు. కింద కూర్చున్న ఎనిమిది మందిలో ఒక్కరు కూడా ఆయన్ను ఆపడానికి నోరు విప్పరు, పద్ధతి ఒప్పుకోదు.

వదిన నేల చూస్తూ కూర్చుంది. చెవులు మాత్రం మూసుకోలేకపోయింది.

"లేదండీ," అన్నాడు అన్న ఫోనులో. "ఖాళీ కాలేదు. ఇంకొకరు పెరిగారు. మా ఆవిడ కూడా కూర్చుంది."

అవతల చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఫోను పెట్టేయనూ లేదు.